మాట ఒకచోట, రాత ఒకచోట

డిక్టేషన్ యంత్రం చేసే పని చూడడానికి చిన్నదే. అధికారో, వకీలో, డాక్టరో తాము చెప్పదలచుకున్నది దానితో చెబుతారు. అది ఆ మాటను దాచిపెడుతుంది. టైపిస్టు తర్వాత విని కాగితం మీద పెడతారు. మైనపు గొట్టంతో మొదలై ప్లాస్టిక్ పట్టీ, అయస్కాంత టేపు దాటి కంప్యూటర్ ఫైలు దాకా వచ్చిన ఈ పరికరం నూటపాతికేళ్లకు పైగా ఆఫీసు బల్లల మీద ఉంది. ప్రతి తరం యంత్రాన్నీ ఇక రాసే మనిషి అక్కర్లేదనో, సగంమంది చాలుననో చెప్పి అమ్మారు. ప్రతిసారీ వినే మనిషి అవసరం మిగిలే ఉంది. మారుతూ వచ్చింది ఆ మనిషి కూర్చునే చోటు: ఎదుటి కుర్చీ నుంచి పక్క గదికి, అక్కణ్నుంచి వేరే అంతస్తుకు, చివరికి వేరే ఖండానికి.

యంత్రానికి ముందు ఆఫీసుల్లో ఉన్నది షార్ట్‌హ్యాండ్. ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ 1837లో తన పద్ధతిని ప్రచురించాక, వేగంగా మాట్లాడేవారి మాటను గీతల్లో పట్టుకోవడం ఒక వృత్తిగా స్థిరపడింది. 1870లలో టైపురైటర్ మార్కెట్లోకి వచ్చి ఆ గీతలను శుభ్రమైన ఉత్తరంగా మార్చే పనిని తేలిక చేసింది. అయినా రెండు ఇబ్బందులు మిగిలాయి. స్టెనో ఎదురుగా ఉంటేనే ఉత్తరం చెప్పాలి కనుక ఒక ఉత్తరానికి ఇద్దరి సమయం ఒకేసారి ఖర్చయ్యేది. ఒకరు గీసుకున్న గీతలు మరొకరికి సరిగా అందవు కనుక స్టెనోకు జ్వరం వస్తే ఆ నోట్‌బుక్ మూతపడి ఉండాల్సిందే. డిక్టేషన్ యంత్రాలు అమ్మినవారు పట్టుకున్నది ఈ రెండు ఇబ్బందులనే.

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేసినప్పుడు అతని దృష్టి పాటల మీద లేదు. 1878లో నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికకు రాసిన వ్యాసంలో ఆ యంత్రం ఉపయోగాలను వరసగా చెబుతూ, మొట్టమొదటి స్థానం స్టెనోగ్రాఫర్ సాయం లేకుండా ఉత్తరాలు చెప్పి రాయించుకోవడానికి ఇచ్చాడు. కానీ ఆ తొలి యంత్రం తగరపు రేకు మీద మాటను నొక్కేది. కొన్నిసార్లు వినేసరికి రేకు పాడయ్యేది. ఊడదీస్తే మళ్లీ సరిగ్గా అమరేది కాదు. ఎడిసన్ విద్యుద్దీపం పనిలో మునిగి దాన్ని కొన్నేళ్లు పక్కన పెట్టాడు.

ఆ విరామంలో అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం ముందుకు వచ్చింది. టెలిఫోన్‌కు గాను ఫ్రాన్స్ నుంచి 1880లో వచ్చిన వోల్టా బహుమతి సొమ్ము, 50 వేల ఫ్రాంకులతో బెల్ వాషింగ్టన్‌లో ప్రయోగశాల పెట్టాడు. అక్కడ అతని బంధువు చిచెస్టర్ బెల్, పనిముట్ల తయారీలో చెయ్యి తిరిగిన చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి, మైనం పూసిన అట్టగొట్టం మీద మాటను చెక్కే గ్రాఫోఫోన్‌ను రూపొందించారు. పేటెంట్లు 1886లో దక్కాయి. ఎడిసన్ మళ్లీ పోటీకి దిగి 1888 నాటికి గొట్టమంతా మైనంతోనే చేయించాడు. దాని పైపొరను సన్నగా గీకేస్తే పాత మాట పోయి కొత్త మాటకు చోటు దొరుకుతుంది. ఒకే గొట్టాన్ని పదులసార్లు వాడుకోవచ్చు. ఆఫీసు ఖర్చుల లెక్క చూసేవారికి బాగా నచ్చిన గుణం ఇదే.

గాజు గ్లాసుల వ్యాపారంలో డబ్బు సంపాదించిన జెస్సీ లిపిన్‌కాట్ 1888లో నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీ స్థాపించి, రెండు యంత్రాలనూ ఆఫీసులకు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఏడాది అద్దె 40 డాలర్లు. యంత్రాలు తరచూ మొరాయించేవి. మాట స్పష్టంగా వినిపించేది కాదు. తమ కూటికి ఎసరు వచ్చిందని స్టెనోగ్రాఫర్లు ఎదురుతిరిగారు. కంపెనీ 1894లో దివాలా తీసింది. ఈలోగా, 1889 నవంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయీ గ్లాస్ నాణెం వేస్తే పాట వినిపించేలా ఒక ఫోనోగ్రాఫ్‌ను అమర్చాడు. జనం ఎగబడ్డారు. అక్కణ్నుంచి ఆ యంత్రం వినోదం దారి పట్టింది.

వాషింగ్టన్‌లో మాత్రం ఆఫీసు యంత్రానికి ఆదరణ నిలిచింది. అమెరికా కాంగ్రెస్ ప్రసంగాలను నమోదు చేసే స్టెనోగ్రాఫర్లు తమ షార్ట్‌హ్యాండ్ నోట్సును తామే గొట్టంలోకి చదివి టైపిస్టులకు అందించేవారు. యంత్రం ఎవరి ఉద్యోగం తీసేస్తుందని భయపడ్డారో ఆ వృత్తివారే దానికి నమ్మకమైన వాడకందారులయ్యారు. ఆ ప్రాంతంలో యంత్రాలు అద్దెకిచ్చిన సంస్థ కొలంబియా ఫోనోగ్రాఫ్ కంపెనీ. పాత తెలుగు పాటల రికార్డుల లేబుళ్ల మీద కనిపించే కొలంబియా పేరు పుట్టింది ఈ ఆఫీసు యంత్రాల వ్యాపారంలోనే. దాని చిరునామా అయిన డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా నుంచి ఆ పేరు వచ్చింది.

1907లో కొలంబియా తన ఆఫీసు యంత్రానికి డిక్టాఫోన్ అని పేరు నమోదు చేయించింది. ఎడిసన్ యంత్రం తర్వాతి కాలంలో ఎడిఫోన్ అయింది. 1923లో డిక్టాఫోన్ విడిగా ఒక కంపెనీ అయింది. అప్పటికి పని మూడు యంత్రాల మధ్య పంచుకున్న ఒక పద్ధతిగా కుదురుకుంది. అధికారి బల్ల దగ్గర ఒకటి: మాట్లాడే గొట్టాన్ని నోటి దగ్గర పెట్టుకుని చెప్పాలి. టైపిస్టు దగ్గర ఒకటి: చెవులకు రబ్బరు గొట్టాలు తగిలించుకుని, కాలితో ఆపుతూ నడుపుతూ, చేతులతో టైపు చేయాలి. మూడోది మైనం గీకే యంత్రం. గొట్టంతోపాటు ఒక కాగితపు చీటీ కూడా వెళ్లేది. ఏ ఉత్తరం ఎక్కడ ముగిసింది, ఎక్కడ తప్పు దొర్లింది అని అధికారి దాని మీద గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు పెట్టడంలో బద్ధకించినవారి ఉత్తరాలు టైపిస్టులకు నరకం. పేజీ చివరికి వచ్చాక, పైన చెప్పిన రెండో పేరా తీసెయ్యమనే మాట చెవిలో పడేది.

ఈ పద్ధతి ఆఫీసుల రూపాన్నే మార్చింది. మాట చెప్పిన మనిషి దగ్గరే టైపిస్టు కూర్చోనవసరం లేదు కనుక కంపెనీలు టైపిస్టులందర్నీ ఒక హాల్లోకి చేర్చాయి. స్టెనోకు అధికారి మనసు, కక్షిదారుల పేర్లు, పాత ఉత్తరాల సంగతులు తెలుసు. హాల్లో కూర్చున్నవారికి తెలిసేది ఒక గొంతు మాత్రమే. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. వారి పనిని కొలిచింది గొట్టాలతో, పంక్తులతో. స్టెనో ఉద్యోగానికున్న గౌరవం, జీతం ఈ హాల్లో కూర్చున్న వారికి దక్కలేదు. డిక్టేషన్ యంత్రం కథలో తరచూ మరుగున పడేది ఈ భాగమే.

ఆ రోజుల సాహిత్యంలోనూ యంత్రం కనిపిస్తుంది. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల డ్రాక్యులాలో డాక్టర్ సీవర్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్‌లో చెప్పి దాచుకుంటాడు. కావలసిన చోటును అందులో ఎలా వెతికి పట్టుకోవాలో తనకే తెలియదని అతనికి ఆలస్యంగా తడుతుంది. చివరికి మీనా అనే మరో పాత్ర అదంతా విని టైపు చేస్తేగాని ఆ డైరీ ఎవరికీ పనికిరాదు. దాచడం తేలిక, వెతకడం కష్టం అనే ఈ ఇబ్బంది మరో వందేళ్లు తీరలేదు. బెర్లిన్‌లోని కార్ల్ లిండ్‌స్ట్రోమ్ కంపెనీ పార్లోగ్రాఫ్ అనే డిక్టేషన్ యంత్రాన్ని అమ్మేది. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా పెళ్లి చేసుకోవాలనుకున్న ఫెలిస్ బావర్ ఉద్యోగం అక్కడే. 1913 జనవరిలో కాఫ్కా ఆమెకు రాసిన ఒక ఉత్తరంలో వ్యాపార సలహాలు వరసగా ఉన్నాయి: యంత్రంలో చెప్పిన మాటలను టైపు చేసిపెట్టే కార్యాలయం తెరవాలి, హోటళ్లలో యంత్రాలు పెట్టాలి, యంత్రాన్ని టెలిఫోన్‌తో కలపాలి. ఎవరి మాటనైనా దూరంగా కూర్చుని టైపు చేసిపెట్టే కార్యాలయం ఆ తర్వాత ఎనభై ఏళ్లు దాటాక హైదరాబాదులో నిజమైంది.

విద్యుత్ మైక్రోఫోన్లు వచ్చాక మైనం కాలం ముగిసింది. 1947లో డిక్టాఫోన్ కంపెనీ డిక్టాబెల్ట్ తెచ్చింది. సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద సూది గాడి నొక్కేది. గ్రే ఆడోగ్రాఫ్, సౌండ్‌స్క్రైబర్ యంత్రాలు అదే పనికి చిన్న ప్లాస్టిక్ బిళ్లలు వాడేవి. డిక్టాబెల్ట్ మీద పడిన మాటను చెరపడం కుదరదు. అందుకే కార్యాలయాలు దాన్ని నమోదు పత్రంగానూ నమ్మాయి. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఫోన్ సంభాషణలు నేటికీ వినిపిస్తున్నది ఈ పట్టీల వల్లే. 1963 నవంబరు 22న కెన్నెడీ హత్య జరిగిన రోజు డల్లాస్ పోలీసుల రేడియో మాటలు ఒక మార్గంలో డిక్టాబెల్ట్ మీద, మరో మార్గంలో ఆడోగ్రాఫ్ మీద పడ్డాయి. ఆ పట్టీలో నాలుగో తూటా చప్పుడు ఉందని 1970ల చివర కాంగ్రెస్ సంఘం వాదించింది. 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నియమించిన కమిటీ ఆ వాదనను తోసిపుచ్చింది.

టేపు కాలం ఆఫీసులకు తీరికగా వచ్చింది. 1954లో జర్మనీ గ్రుండిగ్ సంస్థ స్టెనోరెట్ విడుదల చేసింది. ఫిలిప్స్ 1967లో మినీ క్యాసెట్‌ను, ఒలింపస్ 1969లో మైక్రోక్యాసెట్‌ను తెచ్చాయి. టేపును వెనక్కి తిప్పి తప్పు మీద ఒప్పు చెప్పవచ్చు, యంత్రాన్ని జేబులో పెట్టుకోవచ్చు. పెర్రీ మేసన్ నవలల రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ నవలలను యంత్రంలో చెబుతూ పోతే ఆయన కార్యదర్శులు టైపు చేసేవారు.

భారతదేశంలో ఈ యంత్రాలు కొన్ని పెద్ద కంపెనీల గదులు దాటి పెద్దగా వ్యాపించలేదు. కారణం ఆర్థికమే. దిగుమతి యంత్రం ఖరీదైనది, స్టెనో జీతం అందుబాటులోనిది. పైగా స్టెనో ఫోను ఎత్తుతారు, ఫైలు వెతికిపెడతారు, వాయిదా తేదీ గుర్తుచేస్తారు. తెలుగు పట్టణాల్లో టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ లేని బజారు దాదాపు ఉండేది కాదు. లోయర్, హయ్యర్ పరీక్షలు ప్యాసైతే ప్రభుత్వ ఉద్యోగానికి దారి దొరుకుతుందని ఎన్నో కుటుంబాలు నమ్మాయి. ఆ నమ్మకం వృథా కాలేదు కూడా. కలెక్టరేట్లు, కోర్టులు, బ్యాంకులు దశాబ్దాలపాటు ఆ చేతుల మీదుగానే నడిచాయి.

టేపుకు ఉన్న అసలు లోపం అది ఒక వస్తువు కావడం. ఒక క్యాసెట్ ఒక సమయంలో ఒకరి చేతిలోనే ఉంటుంది. అందులో చివర చెప్పిన అర్జెంటు నోటీసు కోసం ముందున్న ఇరవై ఉత్తరాలూ దాటాలి. మధ్యలో ఒక వాక్యం చేర్చాలంటే తర్వాతి వాక్యం చెరిగిపోతుంది. క్యాసెట్ పోతే మాట పోయినట్టే. 1990లలో వచ్చిన డిజిటల్ పరికరాలు ఈ లోపాలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పాయి. మాట ఫైలు అయింది. మధ్యలో చేర్చినా వెనుకది చెరగదు. అర్జెంటు అని గుర్తు పెడితే ఫైలు వరసలో ముందుకు వస్తుంది. ఎవరు చెప్పారు, ఏ కేసుకు సంబంధించింది, ఎంత నిడివి అనే వివరాలు ఫైలుతోనే వెళ్తాయి. సీవర్డ్ డాక్టరును ఇబ్బంది పెట్టిన వెతుకులాట, గొట్టంతో వెళ్లే చీటీ, రెండూ దీనితో అవసరం లేకుండా పోయాయి.

ఫైళ్లకు ఉమ్మడి రూపం ఇవ్వడానికి ఒలింపస్, ఫిలిప్స్, గ్రుండిగ్ సంస్థలు పోటీని పక్కనపెట్టి ఇంటర్నేషనల్ వాయిస్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. వాటి డీఎస్ఎస్ అనే పద్ధతి మనిషి గొంతుకు సరిపడా ధ్వనిని మాత్రమే ఉంచి మిగతాది కుదిస్తుంది. సీడీ నాణ్యతతో ఒక్క నిమిషం ధ్వనికి 10 మెగాబైట్లు పడితే, డీఎస్ఎస్‌లో పది నిమిషాల డిక్టేషన్ సుమారు ఒక మెగాబైట్‌లో ఇమిడేది. నాటి టెలిఫోన్ మోడెమ్ మీద ఆ ఫైలు కొన్ని నిమిషాల్లో దాటిపోయేది. తర్వాత వచ్చిన డీఎస్2లో గోప్యత కోసం సంకేతలిపి రక్షణ కూడా చేరింది. వకీళ్లకు, డాక్టర్లకు ఇది చిన్న సదుపాయం కాదు. కక్షిదారు రహస్యం, రోగి రహస్యం పోగొట్టుకునే హక్కు వారికి లేదు.

బల్ల మీది పరికరం రూపం కూడా ఇక్కడే స్థిరపడింది. చెప్పేవారి చేతిలో కంప్యూటర్‌కు తగిలించిన మైక్రోఫోన్ ఉంటుంది. బొటనవేలితో జరిపే మీట ఒకటే రికార్డు, ఆపు, విను, వెనక్కి అనే పనులన్నీ చేస్తుంది. చూపు ఎక్స్‌రే మీదో, దస్తావేజు మీదో ఉంటే చాలు, వేలికి దారి తెలుసు. రేడియాలజీ విభాగాల కోసం చేసిన కొన్ని మైక్రోఫోన్లకు బార్‌కోడ్ చదివే కన్ను కూడా అమర్చారు. ఒక రోగి నివేదిక మరొకరి పేరు మీద పడకుండా అది కాపలా. టైపిస్టు దగ్గర హెడ్‌ఫోన్, ఫుట్ పెడల్ ఉంటాయి. పెడల్ నొక్కితే మాట నడుస్తుంది. కాలు తీస్తే ఆగి, ఒకటి రెండు సెకన్లు తనంతట వెనక్కి వెళ్తుంది. మళ్లీ నొక్కినప్పుడు పోయిన పదం తిరిగి వినిపిస్తుంది. మైనపు గొట్టాల నాటి పని పద్ధతి దాదాపు మార్పు లేకుండా నిలిచింది ఈ పెడల్‌లోనే. చేతులు అక్షరాల మీద ఉన్నప్పుడు మాటను నడపడానికి కాలును మించినది ఎవరూ కనిపెట్టలేకపోయారు.

ఈ మార్పు తెలుగువారి జీవితాల్లోకి నేరుగా వచ్చింది. అమెరికాలో ప్రతి రోగి పరీక్షకూ, ఆపరేషన్‌కూ రాతపూర్వక నివేదిక ఉండాలి. బీమా సొమ్ము కూడా దాని మీదే ఆధారపడుతుంది. అక్కడి డాక్టరు సాయంత్రం ఫోనులోనో, చేతి రికార్డర్‌లోనో చెప్పిన మాట ఫైలుగా మారి రాత్రికి రాత్రే భారతదేశం చేరేది. అమెరికా తూర్పు తీరానికి, మనకు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. డాక్టరు నిద్రలేచేసరికి నివేదిక సిద్ధం. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు ఉపగ్రహ డేటా లింకులు అందించాయి. 1990ల చివర్లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు వెలిశాయి. అమీర్‌పేటలో శిక్షణ బోర్డులు వెలిశాయి. బీఎస్సీ, బీఫార్మసీ చదివినవారు, నర్సింగ్ చేసినవారు ఎంటీలు, అంటే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులు, అయ్యారు.

ఈ పని టైపింగ్ అనుకుంటే పొరపాటు. చెవికి వినిపించేది అమెరికా డాక్టర్ల యాస ఒక్కటే కాదు. ఫిలిప్పీన్స్, పాకిస్తాన్, నైజీరియా, చైనా నుంచి వెళ్లినవారి యాసలు ఉంటాయి. గుంటూరు, వరంగల్ మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడ స్థిరపడినవారి గొంతులూ ఉంటాయి. డాక్టరు ఆవలిస్తూ, నడుస్తూ, వెనుక పేజర్లు మోగుతుంటే చెబుతారు. హైపర్‌టెన్షన్‌కు, హైపోటెన్షన్‌కు తేడా ఒక్క చిన్న ధ్వని. ఫిఫ్టీన్ మిల్లీగ్రాములను ఫిఫ్టీ చేస్తే రోగికి ప్రమాదం. ఇలియం అనే పేగు భాగానికీ, అదే ఉచ్చారణ ఉన్న తుంటి ఎముకకూ స్పెల్లింగులో ఒక్క అక్షరమే వేరు. ఏది రాయాలో సందర్భం తెలిసినవారికే తెలుస్తుంది. వినబడని చోట ఊహించకూడదు. ఖాళీ వదిలి ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని గుర్తు పెట్టాలి. ఎంటీ టైపు చేసింది ఎడిటర్ విని దిద్దుతారు. ఆపైన క్వాలిటీ వారు మళ్లీ చూస్తారు. జీతం లెక్క మాత్రం పంక్తులతోనే: ఖాళీలతో సహా 65 అక్షరాలు ఒక పంక్తి. రాత్రి షిఫ్టులు, మెడనొప్పి, 24 గంటల్లోనో 12 గంటల్లోనో ఫైలు తిరిగి పంపాలనే ఒత్తిడి వారి నిత్యజీవితం. ఒక తరం యువతీయువకులు సముద్రం దాటకుండానే అమెరికా ఆసుపత్రుల అంతరంగం తెలుసుకున్నది ఈ పనిలోనే. ఆ నివేదికల మీద వారి పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

రాసే మనిషి లేకుండా మాట అక్షరమవడం కూడా ఇదే కాలంలో మొదలైంది. జేమ్స్, జానెట్ బేకర్ దంపతులు 1982లో స్థాపించిన డ్రాగన్ సిస్టమ్స్ 1990లో డ్రాగన్ డిక్టేట్‌ను 9,000 డాలర్లకు అమ్మింది. అందులో పదం పదానికీ ఆగి ఆగి మాట్లాడాలి. ఆగకుండా మాట్లాడితే రాసే నాచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చింది. 2000లో బెల్జియం సంస్థ లెర్నౌట్ అండ్ హాస్పీ, డిక్టాఫోన్‌ను, డ్రాగన్‌ను రెండింటినీ కొన్నది. వెంటనే దాని లెక్కల మోసం బయటపడి కుప్పకూలింది. ఆస్తులు చేతులు మారి చివరికి న్యువాన్స్ చేరాయి. ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 2022లో సొంతం చేసుకుంది. 1907 నాటి పేరు అలా కంప్యూటర్ కంపెనీల లెక్కల్లో కలిసింది.

మాటను కంప్యూటరే రాయడం అనే ఆ మార్పు హైదరాబాదులో ఎంటీల పనిని తలకిందులు చేసింది. కంప్యూటర్ రాసిన చిత్తుప్రతిని వింటూ దిద్దడమే పని అయింది, పంక్తి రేటు పడిపోయింది. 2009 నాటి అమెరికా హైటెక్ చట్టం వల్ల అక్కడి ఆసుపత్రులు ఎలక్ట్రానిక్ రికార్డులకు మారడంతో డిక్టేషన్ కూడా తగ్గింది. చాలామంది మెడికల్ కోడింగ్‌కు మారారు. కొందరు డాక్టరు గదిలోని సంభాషణను దూరం నుంచి వింటూ రికార్డు నింపే స్క్రైబ్‌లయ్యారు. అంతా ఒకే యంత్రాంగంలో కలవడం ఎంత ప్రమాదమో 2017 జూన్‌లో తెలిసింది. నాట్‌పెట్యా అనే సైబర్ దాడితో న్యువాన్స్ ట్రాన్స్‌క్రిప్షన్ సేవలు కొన్ని వారాలపాటు దెబ్బతిని, దాని మీద ఆధారపడిన ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి.

యంత్రం రాసిన పేజీ చూడడానికి నున్నగా ఉంటుంది. అక్షరదోషం ఉండదు. తప్పు దొర్లితే అదీ సరైన స్పెల్లింగుతోనే దొర్లుతుంది. అందుకే కంటికి దొరకదు, విన్న చెవికే దొరుకుతుంది. భారత సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం వాదనలను కృత్రిమ మేధతో అప్పటికప్పుడు అక్షరాల్లోకి మార్చడం మొదలుపెట్టింది. ఆ ప్రతిని కూడా సరిచూసుకోవడానికి న్యాయవాదులకు ఇచ్చాకే ఖరారు చేయాలని ఏర్పాటు చేసుకుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్ష కూడా ఆగలేదు. అభ్యర్థికి ఇప్పటికీ పది నిమిషాలు డిక్టేషన్ ఇస్తారు: గ్రేడ్ సి అయితే నిమిషానికి 100 పదాలు, గ్రేడ్ డి అయితే 80. రాసుకున్నది ఆ తర్వాత కంప్యూటర్ మీద టైపు చేసి చూపించాలి.